ముందు అడుగు చూడండి: పిజ్జా మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి ప్రశ్నలన్నీ పిజ్జా చుట్టూనే తిరిగాయి. ఒకేలాంటివి కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా చుట్టుపక్కల ఐదు కిలోమీటర్లలోనే పాతిక పిజ్జా కొట్లు చూపిస్తోంది యాప్. అన్నిటికీ నాలుగు పైనే రేటింగ్. ఏడెనిమిది వందలు పోసి, తిన్నాక ఉసూరుమనడం కంటే ముందే పసిగట్టే దారేమైనా ఉందా?
*(కొండాపూర్, హైదరాబాద్)*

రేటింగ్ అంకెను పక్కన పెట్టండి. అందులో రుచి ఒక్కటే ఉండదు. డెలివరీ ఎంత త్వరగా వచ్చింది, ఆ రోజు ఆఫర్ ఏముంది అన్నవీ కలిసిపోయి ఉంటాయి. దానికి బదులు తిన్నవాళ్లు పెట్టిన ఫొటోలు చూడండి, కొట్టువాళ్లు పెట్టినవి కాదు. పది ఫొటోల్లో పది పిజ్జాలూ అచ్చు గుద్దినట్టు ఒకే గుండ్రంతో, ఒకే ఎత్తు అంచుతో ఉంటే బేస్ బయటినుంచి తెప్పించిందో, మిషన్‌తో నొక్కిందో అయ్యుంటుంది. చేత్తో సాగదీసిన పిజ్జా కాస్త వంకరగా ఉంటుంది. అంచు ఒకచోట ఉబ్బుతుంది, ఇంకోచోట అణిగి ఉంటుంది. ఎవరైనా ముక్కను తిరగేసి ఫొటో తీసి ఉంటే మీ పంట పండినట్టే. అడుగున వరసగా సూదితో గుచ్చినట్టు గుంటలు కనిపిస్తే చాలావరకు రెడీమేడ్ బేసే.

తర్వాత ఫోన్ చేసి మూడే ప్రశ్నలు అడగండి. ఓవెన్ ఏంటి? పిండి ఇక్కడే కలుపుతారా, ఎన్ని గంటలు పులియనిస్తారు? చీజు ఏది వాడతారు? పిండి కలిపేవాళ్లున్న చోట రెండో ప్రశ్నకు జవాబు అంకెతో వస్తుంది: "24 గంటలు ఫ్రిజ్‌లో పెడతాం", "రెండు రోజులు" అని. "అంతా ఫ్రెష్ అండీ" అన్నారంటే అది జవాబు కాదు. పైగా పిజ్జా పిండి విషయంలో అప్పటికప్పుడు కలిపినది గొప్పేమీ కాదు. రాత్రంతా పులవని ఇడ్లీ పిండి ఎలా ఉంటుందో అదీ అంతే. ఈస్ట్ ఎక్కువ వేసి రెండు గంటల్లో పొంగించిన పిండికి ఈస్ట్ పచ్చివాసన మిగులుతుంది, కాలినా రంగు తేలదు, తిన్నాక పొట్టలో బరువుగా ఉంటుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు మార్గరీటా, అంటే టమాటా సాస్, చీజు తప్ప కూరలేవీ లేనిది, ఒక్కటే చెప్పండి. కొత్త టిఫిన్ సెంటర్‌ని అంచనా వేయాలంటే ఉత్త ఇడ్లీ, చట్నీ తిని చూస్తాం కదా, అదే లెక్క. పనీరు, మొక్కజొన్న, జలపీన్యో, పైన మయోనైజ్ గీతలు పడ్డాక బేస్ తప్పులన్నీ వాటికింద దాక్కుంటాయి.

ప్లేటు రాగానే ఒక ముక్క ఎత్తి అడుగు చూడండి. పుల్కా మీద పడ్డట్టు గోధుమరంగు మచ్చలు చెదురుగా ఉండాలి. అడుగంతా తెల్లగా ఉండి పైన చీజు మాత్రం ఎర్రగా కాలి ఉంటే ఓవెన్‌కి పైవేడి ఉంది, పిజ్జాని పెట్టి కాల్చే రాయికి వేడి లేదు. ఎక్కువ కొట్లలో కనిపించే తప్పు ఇదే. అంచును చేత్తో చీల్చండి. లోపల పెద్దా చిన్నా గదులు కలగలిసి ఉంటే పిండి బాగా పులిసింది. పావ్‌లో మాదిరి అన్నీ ఒకే సైజు సన్న రంధ్రాలుంటే అది గుండ్రటి బన్ను. సాస్‌లో టమాటా పులుపు ముందు తగలాలి. తీపి, ఆ వెంటనే ఎండు ఒరేగానో వాసన తగిలితే కెచప్‌కి దగ్గరి చుట్టం.

చీజు సాగడం చూసి మురిసిపోకండి. పాలకొవ్వు బదులు నూనె వేసి చేసిన నకలు కూడా జానెడు సాగుతుంది. కూరగాయలేవీ తగలకుండా చీజు ఒక్కటే కొరికి నమలండి, పాల రుచి వస్తుందా లేదా అన్నదే పరీక్ష. ప్యాకెట్ మీద అయితే దాన్ని చీజు అని రాయకూడదు, అనలాగ్ అని చెప్పాలి. మెనూ కార్డులో ఆ మాట కనపడదు, అందుకే నోటినే నమ్ముకోవాలి.

"వుడ్ ఫైర్డ్" అన్న బోర్డు చూసి ఆగిపోవద్దు. పిజ్జా పొయ్యిలోకి వెళ్లిన దగ్గర్నుంచి ఫోన్‌లో టైమ్ చూడండి. ఇటలీలోని నేపుల్స్ నగరం తరహా కట్టెల పొయ్యి అని చెప్పుకునే చోట 2 నిమిషాల్లోపు బయటికి రావాలి. 5, 6 నిమిషాలు పడుతోందంటే కట్టెలు అలంకారానికే. అదే గ్యాస్ డెక్ ఓవెన్‌లో (రాతి అర ఉండే పెట్టెలాంటి ఓవెన్) 6 నుంచి 10 నిమిషాలు పట్టడం తప్పు కాదు, అది వేరే తరహా. శనివారం రాత్రి ఎనిమిదింటికి వెళ్లి తీర్పు చెప్పకండి కూడా. పిజ్జా మీద పిజ్జా పడుతుంటే రాయి వేడి కోలుకోదు, మంచి కొట్టులో కూడా అడుగు తెల్లబోతుంది. ఆరున్నర, ఏడు మధ్య వెళ్లండి.

డెలివరీ తప్పదంటే ముక్కలు కొయ్యకుండా పంపమనండి. కోసిన గాట్లలోంచి సాస్ కిందికి దిగి అట్టపెట్టెలో అడుగు నానిపోతుంది. రాగానే మూత తెరవండి. వేడెక్కిన పెనం మీద 2 నిమిషాలు ఉంచి, అప్పుడు కోసుకోండి.

ప్రశ్న: విజయవాడలో కొత్తగా తెరిచిన చోట "నియాపాలిటన్" పిజ్జా చెప్పాం. మధ్యలో తడి, అంచుల మీద నల్లటి మచ్చలు. మళ్లీ కాల్చి తెమ్మంటే "ఇది ఇలాగే ఉండాలి మేడమ్" అన్నారు. నిజమేనా, మమ్మల్ని బోల్తా కొట్టించారా?
*(బెంజ్ సర్కిల్, విజయవాడ)*

సగం నిజం. మిగతా సగం మీరు అక్కడే తేల్చుకోవాల్సింది.

నేపుల్స్‌లో ఈ పిజ్జాకి రాతపూర్వకంగా నియమాలున్నాయి. 1984లో పెట్టిన అసలైన నేపుల్స్ పిజ్జా సంఘం వాటిని కాపాడుతుంది, 2010లో యూరోపియన్ యూనియన్ సంప్రదాయ వంటకంగా గుర్తింపునిచ్చింది, 2017లో ఆ పిజ్జా చేసేవాళ్ల కళ యునెస్కో జాబితాకెక్కింది. నియమాల సారం ఇది: పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ తప్ప బేస్‌లో ఇంకేమీ ఉండకూడదు, చుక్క నూనె కూడా. అప్పడాల కర్ర తగలకూడదు, చేత్తోనే సాగదీయాలి. వెడల్పు 35 సెంటీమీటర్లు దాటకూడదు. అంచు 1 నుంచి 2 సెంటీమీటర్ల ఎత్తు లేవాలి, మధ్యలో అర సెంటీమీటరు మందం కూడా ఉండదు. పొయ్యిలో రాయి వేడి 400 డిగ్రీల దరిదాపుల్లో, పైకప్పు వేడి 485 దాకా. 60 నుంచి 90 సెకన్లలో కాలిపోవాలి.

ఆ వేడిలో, అంత తక్కువ సేపట్లో నీరు ఇగిరిపోయే వ్యవధి ఉండదు. పైగా టమాటాను ఉడికించరు, చిదిమి ఉప్పు కలిపి పచ్చిదే పూస్తారు. చీజు కూడా పాలనీరు పట్టుకునే తాజా మోజరెల్లా. కాబట్టి మధ్యలో మెత్తగా, తడిగానే ఉంటుంది. నాలుగు మడతలు పెట్టినా విరగకుండా ఉండటమే దాని గుణం. కరకరలాడాలని కోరుకోవడం రుమాలీ రోటీని అప్పడంలా ఉండమన్నట్టే. అంచు మీది నల్ల పొక్కులు కూడా మంచి గుర్తే. బాగా పులిసిన పిండిలో పైకి లేచిన బుడగలు మంటకి ముందుగా కాలతాయి.

ఇక రెండో సగం. తడి అంటే చెమ్మ, మడుగు కాదు. ప్లేటు వంచితే తెల్లనీళ్లు పారుతున్నాయంటే మోజరెల్లాను వడకట్టకుండా వేశారు. ముక్కను పక్కనుంచి చూడండి. సాస్‌కీ రొట్టెకీ మధ్య గంజి ఆరినట్టు మెరిసే జిగురు పొర ఉందా? అది పచ్చిపిండి. ఫ్రిజ్‌లోంచి తీసిన ముద్దను వెంటనే సాగదీసినా, రాయి చల్లబడినా ఆ పొర వస్తుంది. అలాంటిది వెనక్కి పంపడం మీ హక్కు. నలుపులోనూ తేడా ఉంది. చెదురు మచ్చలు పర్లేదు, అడుగంతా మసిపట్టి నాలుకకి చేదు తగిలితే అది పిజ్జా కాలిన నలుపు కాదు. ముందటి పిజ్జాల నుంచి రాలి పొయ్యి నేల మీద మాడిన పొడిపిండి. మధ్యమధ్య పొయ్యిని బ్రష్‌తో ఊడవాల్సింది, ఊడవలేదు.

మీ ఇంట్లో అందరికీ కరకర కావాలంటే ఆ కొట్టుకి కాదు, రోమ్ తరహా చేసే చోటికి వెళ్లాలి. అక్కడ పిండిలో కాస్త నూనె కలుపుతారు, కర్రతో పల్చగా వత్తుతారు, తక్కువ వేడిలో ఎక్కువసేపు కాలుస్తారు. పక్కపక్క ఊళ్ల మాదిరి రెండు నగరాలూ రెండు గంటల దూరంలో ఉండి పూర్తి విరుద్ధమైన పిజ్జాలు తింటాయి.

ప్రశ్న: తందూరీ పనీర్ పిజ్జాని పిజ్జా అనొచ్చా? మా ఆఫీసులో దీని మీద పెద్ద గొడవ.
*(గచ్చిబౌలి)*

అనొచ్చు. 1996లో డామినోస్, పిజ్జా హట్ మన దేశానికి వచ్చి అమెరికా తరహా మెత్తటి మందం బేస్‌ని అలవాటు చేశాయి. దాని మీద ఇక్కడివాళ్లు ఇక్కడి రుచి వేసుకున్నారు. అమెరికాలో ఊరికొక తరహా పుట్టింది కూడా ఇలాగే. మా అభ్యంతరం పనీరు మీద కాదు, ఆ పనీరును పెరుగు మసాలాతో తడితడిగా తెచ్చి పచ్చిబేస్ మీద వేయడం మీద. ముందు పెనం మీద తడి ఆరేదాకా వేయించి వేస్తే గొడవే ఉండదు.

ప్రశ్న: వేసవికి అమెరికా వెళ్తున్నాం. అబ్బాయి షికాగో దగ్గర నేపర్‌విల్‌లో, అమ్మాయి న్యూజెర్సీ ఎడిసన్‌లో, మా మరిది పిల్లలు డెట్రాయిట్ పక్కన నోవైలో ఉంటారు. "అక్కడి పిజ్జా తినకుండా రావొద్దు" అంటున్నారు అందరూ. ఊరూరికీ అంత తేడా ఉంటుందా? ఎక్కడ ఏం అడగాలి?
*(బ్రాడీపేట, గుంటూరు)*

ఉంటుంది, మీ ప్రయాణం కూడా అచ్చంగా ఆ తేడాల మీదుగానే వేసినట్టుంది.

నోవైతో మొదలుపెడదాం, మీకు నచ్చే అవకాశం దానికే ఎక్కువ. దిబ్బరొట్టె తెలిసిన నోటికి డెట్రాయిట్ పిజ్జా పరాయిది కాదు. లోతైన నల్లటి ఇనప ట్రేలో నూనె రాసి, మెత్తటి పిండిని పరిచి, దాంట్లోనే మళ్లీ పొంగనిచ్చి కాలుస్తారు. అడుగు నూనెలో వేగినట్టు కరకరమంటుంది, లోపల దూదిలా ఉంటుంది. 1946లో బడ్డీస్ అనే చోట ఇది మొదలైంది. ఆ దీర్ఘచతురస్రపు ట్రేలు కార్ల ఫ్యాక్టరీల్లో విడిభాగాలు పోసుకునేవి. దీని ప్రాణమంతా అంచులో ఉంది. విస్కాన్సిన్‌లో చేసే బ్రిక్ చీజుని మధ్యలో కుప్పగా కాకుండా ట్రే గోడకి తగిలేలా పరుస్తారు. ఆ తగిలిన చీజు గోడను పట్టుకుని ముదురు గోధుమరంగు జాలీలా మాడుతుంది. సాస్ చీజు కింద కాదు, పైన గీతల్లా పోస్తారు, రొట్టె నానకుండా. మూల ముక్కలు అడిగి మరీ తీసుకోండి, వాటికి రెండు వైపులా ఆ మాడు ఉంటుంది. అంచు పాలిపోయి, చీజు గోడకి అంగుళం దూరంలోనే ఆగిపోయి ఉంటే అది డెట్రాయిట్ పేరు పెట్టుకున్న మందం రొట్టె. అలాంటివి అమెరికా అంతా ఉన్నాయి.

షికాగోలో అబ్బాయి మిమ్మల్ని డీప్ డిష్‌కి తీసుకెళ్తాడు, తప్పదు. 1943లో పిజ్జేరియా ఉనోలో పుట్టినట్టు చెప్పే ఈ పిజ్జా రెండు అంగుళాల లోతు గిన్నెలో చేసేది. వరస తలకిందులుగా ఉంటుంది: కింద చీజు, మధ్యలో కూరలు, పైన టమాటా ముక్కలు. కారణం సులభం. 30 నుంచి 40 నిమిషాలు ఓవెన్‌లో ఉండేదానికి చీజు పైనుంటే బొగ్గయిపోతుంది. అందుకే వెళ్లకముందే ఫోన్‌లో ఆర్డర్ చెప్పి పెట్టుకోవాలి. మనిషికి ఒక ముక్క, ఆకలేస్తే ఒకటిన్నర. చిన్న సైజుతో ముగ్గురు లేస్తారు. ఫోర్కు, కత్తి లేకుండా అయ్యే పని కాదు. చాలాచోట్ల మామూలుగా పందిమాంసం సాసేజ్ పరుస్తారు కాబట్టి వద్దనుకుంటే ముందే చెప్పాలి. పాలకూర వేసిన రకం దొరుకుతుంది, బాగుంటుంది.

అయితే షికాగోలో పుట్టి పెరిగినవాళ్లు వారం మధ్యలో ఇంటికి తెచ్చుకునేది ఇది కాదు. దాన్ని టావెర్న్ స్టయిల్ అంటారు: అప్పడమంత పల్చగా, కొరికితే విరిగేలా, గుండ్రంగానే చేసి చిన్న చదరపు ముక్కలుగా కోసినది. డీప్ డిష్ ఒక పూట చాలు, రెండోసారి వెళ్తే దీన్నే అడగండి. నేపర్‌విల్ లాంటి శివారు ఊళ్లలో ఇది తేలిగ్గా దొరుకుతుంది.

ఎడిసన్ నుంచి న్యూయార్క్ రైలు దూరం. న్యూజెర్సీ పిజ్జా కూడా దాదాపు ఆ కుటుంబమే. 1905లో న్యూయార్క్‌లో లొంబార్డీస్ అనే కొట్టు మొదలైనప్పుడు బొగ్గు పొయ్యిలు. 20వ శతాబ్దం మధ్యకి గ్యాస్ డెక్ ఓవెన్లు వచ్చాక 18 అంగుళాల పెద్ద పిజ్జా చేసి ముక్కలుగా అమ్మడం పాకింది. నీరు తక్కువుండే గట్టి మోజరెల్లా, ఉడికించిన లేదా చిక్కగా ఉన్న సాస్, 280, 290 డిగ్రీల వేడి. నేపుల్స్ పిజ్జా సుతిమెత్తనైతే ఇది మడిస్తే అడుగు పైపొర చిటపటమనాలి, కానీ రెండుగా విరిగిపోకూడదు. "ప్లెయిన్ స్లైస్" అడగండి. కౌంటర్ అద్దం వెనక చల్లారి ఉన్నదాన్ని మళ్లీ వేడిచేసి ఇస్తారు, అది మోసం కాదు, పద్ధతే. రెండోసారి రాయి తగిలిన ముక్క ఇంకా కరకరలాడుతుంది. జనం తిరిగే కొట్టు చూసుకోండి చాలు. మధ్యాహ్నం మూడింటికి అద్దం వెనక పది రకాలు ఎండిపోయి ఉంటే దాటుకుని వెళ్లిపోండి.

ఓ రోజు వీలుంటే కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌కి వెళ్లండి. 1925 నుంచి నడుస్తున్న ఫ్రాంక్ పెపే అనే కొట్టులో ఇప్పటికీ బొగ్గు పొయ్యే. పిజ్జా కోడిగుడ్డు ఆకారానికి దగ్గరగా, అంచు బాగా నల్లబడి వస్తుంది. అక్కడొక చిక్కుంది. న్యూయార్క్‌లో ప్లెయిన్ అంటే చీజు పిజ్జా. న్యూ హేవెన్‌లో ప్లెయిన్ అంటే టమాటా, పైన తురిమిన గట్టి చీజు కొంచెం, అంతే. మోజరెల్లా కావాలంటే విడిగా చెప్పాలి. పిల్లలున్న టేబుళ్ల దగ్గర ఈ ఒక్కమాటకే మొహాలు మాడతాయి.

సెయింట్ లూయిస్ కూడా కలుస్తుందేమో చూస్తున్నారా? అక్కడ ఈస్ట్ లేని బిస్కెట్ లాంటి బేస్ మీద ప్రోవెల్ అనే ప్రాసెస్డ్ చీజు వేస్తారు. అక్కడ పెరిగినవాళ్లకి అది ప్రాణం. దానికోసం దారి మళ్లించక్కర్లేదు.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం. ఇటలీ టూర్‌లో పిజ్జా ఉంటుంది కదా అని ధైర్యంగా ఉన్నాం. జాగ్రత్త పడాల్సింది ఏమైనా ఉందా?
*(కాకినాడ)*

ఉంది. ముందు తేలికైనవి. ఇటలీలో "పెపెరోని" అంటే క్యాప్సికం, శుభ్రంగా తినొచ్చు. అమెరికాలో అదే మాటకి పందిమాంసం, గొడ్డుమాంసం కలిపిన సాసేజ్. ఒకే పేరు, రెండు దేశాలు. "మరినారా" పేరులో సముద్రం ఉన్నా చేప ఉండదు: టమాటా, వెల్లుల్లి, ఒరేగానో, ఆలివ్ నూనె. చీజు కూడా ఉండదు కాబట్టి మీకు అన్నిటికంటే భద్రమైనది అదే. "నాపోలి" పేరుతో ఉన్నదాంట్లో మాత్రం ఆంకోవీ చేపలు ఉంటాయి. మెనూలో "అచ్చుగే", "అలిచి" కనిపిస్తే చేప, "ప్రొషూటో", "సలామే", "స్పెక్" కనిపిస్తే మాంసం, "స్ట్రుట్టో" అంటే పందికొవ్వు.

కష్టమైంది చీజు. పర్మేసాన్ అని మనం పిలిచే పర్మిజానో రెజానో, పెకొరీనో రొమానో, అసలైన గేదెపాల మోజరెల్లా వీటన్నిటికీ పాలు తోడుపెట్టేది దూడ, గొర్రెపిల్ల పొట్టల్లోంచి తీసిన రెనెట్‌తో. మన దేశంలో ప్యాకెట్ మీద పచ్చచుక్క చూసుకుంటే సరిపోతుంది. అక్కడ ఆ చుక్క లేదు. మీ ఇంట్లో ఈ పట్టింపు ఎంతవరకో బయల్దేరకముందే మాట్లాడుకోండి. రోమ్‌లో టేబుల్ దగ్గర కూర్చుని తేల్చుకునే విషయం కాదు. అమెరికాలో మామూలు మోజరెల్లాకి ఎక్కువగా జంతువు అవసరంలేని రెనెట్టే వాడతారు. పైన చల్లే తురుము దగ్గరే అనుమానం, అది వద్దంటే చాలు.

రోమ్‌లో మీకు వీలైనది "ఆల్ తాల్యో" కొట్టు. పెద్ద ట్రేల్లో చేసి అద్దం వెనక పెడతారు, మీరు వేలితో ఎంత చూపిస్తే అంత కత్తెరతో కత్తిరించి తూకం వేసి ఇస్తారు. కళ్లతో చూసి ఎంచుకోవచ్చు. బంగాళదుంప, రోజ్‌మేరీ వేసిన రకం దాదాపు అన్నిచోట్లా ఉంటుంది. "ఎత్తో" అని రాసి ఉంటే అది 100 గ్రాముల ధర, కిలో ధర అనుకుని, చౌకే కదా అని పెద్ద ముక్క కోయించుకోకండి.

ప్రశ్న: ఇంట్లో ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) చేస్తే పైన చీజు మాడుతోంది, కింద బేస్ తెల్లగా, మధ్యలో ముద్దగా ఉంటోంది. మైదా మారిస్తే బాగుపడుతుందా? "00" పిండి తెప్పించమంటున్నారు.
*(హనుమకొండ)*

పిండి మార్చకండి. 00 అన్నది పిండిలోంచి తవుడు ఎంతవరకు తీసేశారో చెప్పే గుర్తు, బలం చెప్పేది కాదు. పైగా అది 450 డిగ్రీల కోసం, మీ ఓటీజీ 250 దగ్గర ఆగుతుంది. ఆ వేడికి మామూలు మైదాయే సరిపోతుంది. మీ తప్పు పిండిలో లేదు, కింద వేడి లేకపోవడంలో ఉంది. అల్యూమినియం ట్రే మీద పెట్టి లోపలికి తోస్తే ఆ చల్లటి ట్రే వేడెక్కేలోపే పైన చీజు అయిపోతుంది.

రెండు పిజ్జాలకి, ఒక్కోటి 10 అంగుళాలు: మైదా 320 గ్రాములు, నీళ్లు 200 మిల్లీలీటర్లు, ఉప్పు 8 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 1 గ్రాము, అంటే టీస్పూనులో మూడో వంతు, పంచదార 4 గ్రాములు, నూనె టీస్పూను. పంచదార, నూనె నేపుల్స్ పద్ధతి కాదు, తక్కువ వేడిలో రంగు రావడానికి. కలిపి 10 నిమిషాలు ఆపి, 5 నిమిషాలు మర్దించి, రెండు ముద్దలు చేసి, నూనె రాసిన డబ్బాల్లో మూతపెట్టి ఫ్రిజ్‌లో 24 నుంచి 48 గంటలు. మీ ఊరి మే నెలలో ఐస్‌నీళ్లతో కలపండి, ఈస్ట్ సగం చేయండి, ముద్దలు చేయగానే లోపల పెట్టేయండి. బయట రెండు మూడు గంటలు వదిలేస్తే ఈస్ట్ పిండిలోని చక్కెరంతా తినేస్తుంది. అలాంటి పిండి చేతికి జారిపోతుంది, లాగితే చిరుగుతుంది, ఎంతసేపు కాల్చినా తెల్లగానే ఉంటుంది.

దోసెలు పోసే ఇనప పెనం, పిడి లేనిది, ఓటీజీలో పడుతుందో ముందు కొలుచుకోండి. నాన్‌స్టిక్ వద్దే వద్దు, ఖాళీగా అంత వేడెక్కితే పూత పాడై పొగలు వస్తాయి. కడప బండ ముక్క పెడదామని కొందరికి ఆలోచన వస్తుంది. అది పొరలు పొరలుగా ఉండే రాయి, లోపలి చెమ్మకి పగిలే ప్రమాదముంది. ఇనప పెనాన్ని బోర్లించి కింద వరసలో పెట్టి, రెండు రాడ్లూ వేసి, 250 మీద 40 నిమిషాలు వేడెక్కనివ్వండి. లైటు ఆరగానే లోపల గాలి వేడెక్కినట్టు, పెనం కాదు.

ముద్దను గంట ముందు బయట పెట్టండి, చలికాలమైతే రెండు గంటలు. అప్పడాల కర్ర తీయకండి. మధ్యలోంచి బయటికి వేళ్లతో నొక్కుతూ, చివర అర అంగుళం ముట్టకుండా వదిలేయండి, అందులో ఉన్న గాలే అంచవుతుంది. వెనక్కి ముడుచుకుపోతుంటే పంతం పట్టకండి, 15 నిమిషాలు మూతపెట్టి మళ్లీ రండి.

సాస్‌కి బెంగుళూరు టమాటాలే మేలు, కండ ఎక్కువ, రసం తక్కువ. నాటు టమాటా రుచి గొప్పదే కానీ నీళ్లు బేస్‌ని ముంచేస్తాయి. ఆరు టమాటాలు తొక్క తీసి, గింజలు రసంతో సహా పిండేసి, చేత్తో చిదిమి, ఉప్పు వేసి జల్లెడలో 20 నిమిషాలు వదలండి. పిజ్జాకి నాలుగు టేబుల్ స్పూన్లు చాలు, అంచుల దాకా వద్దు. చీజు 80 గ్రాములు, గట్టి మోజరెల్లా దిమ్మ కొని మీరే తురుముకోండి. తురిమి అమ్మేదానికి అంటుకోకుండా పిండి కలుపుతారు, అది సరిగ్గా కరగదు. నీళ్లలో ముంచి అమ్మే తాజా మోజరెల్లా వాడాలంటే చీల్చి గుడ్డలో రెండు గంటలు వడకట్టాలి.

బటర్ పేపర్ మీద తయారుచేసి, పేపర్‌తో సహా పెనం మీదికి జార్చండి. పేపర్ ప్యాకెట్ మీద ఎంత వేడి తట్టుకుంటుందో రాసి ఉంటుంది, చూసుకోండి, 4 నిమిషాలకి లాగేయండి. మొత్తం 7 నుంచి 9 నిమిషాలు. అప్పటికీ పైన ముందే మాడుతుంటే చీజుని సగం సమయం గడిచాక వేయండి.

ప్రశ్న: మిగిలిన పిజ్జా మైక్రోవేవ్‌లో పెడితే తోలులా అవుతోంది. వేరే మార్గం?
*(తిరుపతి)*

పెనం. సన్నసెగ మీద మూత లేకుండా 2 నిమిషాలు, అడుగు మళ్లీ గట్టిపడేదాకా. తర్వాత ముక్క మీద కాకుండా పెనం పక్కన అర టీస్పూను నీళ్లు చిలకరించి వెంటనే మూత పెట్టండి. ఆ ఆవిరికి చీజు నిమిషంలో కరుగుతుంది. మూత తీశాక ఇంకో అర నిమిషం ఉంచితే తేమ పోతుంది. డెట్రాయిట్ తరహా మందం ముక్కకి మాత్రం సెగ ఇంకా తగ్గించి 5 నిమిషాలు పట్టించాలి, లేకపోతే అడుగు మాడి మధ్యలో ఫ్రిజ్ చల్లదనం అలాగే ఉంటుంది.